సొరుగులో సంతకాలు

తిరుత్తంగల్ శివకాశికి ఆనుకునే ఉంటుంది. 2021లో శివకాశి నగరపాలక సంస్థలో కలిపేశారు కాబట్టి కాగితాల మీద ఇప్పుడది వేరే ఊరు కూడా కాదు. కొండ మీద నిన్ర నారాయణ పెరుమాళ్ గుడి, 108 దివ్యదేశాల్లో ఒకటి. కింద వీధుల్లో ఆఫ్‌సెట్ ప్రెస్సులు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు, టపాకాయల ఆఫీసులు. ఇక్కడినుంచి కోవిల్‌పట్టి దాకా పరుచుకున్న నల్లరేగడి నేలలో ఇళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలలో రాసింది ఇలాంటి వాళ్ళ పూర్వీకుల వలస గురించే. మాట తెలుగు, చదువు అరవం.

ఈ సంవాదంలో ఉన్నది ఇద్దరు. మామకు బజారులో డిజిటల్ సంతకాల అంగడి ఉంది. సర్టిఫికెట్టు ఇప్పిస్తాడు, యూఎస్‌బీ టోకెన్‌లోకి ఎక్కిస్తాడు, ప్రెస్సువాళ్ళ కంప్యూటర్లలో అది పనిచేసేలా జావా వేసిపెడతాడు, టెండరు గడువు రోజున ఫోనులో తిట్లు తింటాడు. అల్లుడు చెన్నైలో జావా ప్రోగ్రామరు. బ్రౌజరు నుంచి టోకెన్ దాకా సంతకాన్ని నడిపించే ప్రోగ్రాం ఒకటి కొత్తగా రాయడం ఇప్పుడతని ఉద్యోగం. బ్రౌజరులోని పేజీ మన కంప్యూటరు లోపలికి ఎంతవరకు రావచ్చన్నదే ఇద్దరికీ తగవు. వాళ్ళ మాటల్లో అరవం పాలు ఎక్కువ. చదివేవాళ్ళ కోసం కొంత తగ్గించాను.

మామ: బ్రౌజరులోనే నడిచే ఆ జావా ముక్క, అప్లెట్, ఉన్నన్నాళ్ళు నా పని సుఖంగా సాగిందప్పా. టెండరు పేజీ తెరిస్తే జావా తనంతట తనే లేచేది. నడపమంటావా అని ఒక పెట్టె వచ్చేది. సరే అంటే పిన్ను అడిగేది, సంతకం పడేది. ప్రెస్సాయన తన టేబులు దగ్గర కూర్చుని తనే చేసుకునేవాడు. మీవాళ్ళు దాన్ని బ్రౌజరులోంచి పీకేశాక ఆ మనిషి నా అంగట్లో కూర్చుంటున్నాడు. ఎవరికి ఒరిగిందిది?

అల్లుడు: ఆ సుఖం మీ ఒక్కరికే కాదు మావా, దొంగలకీ ఉండేది. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అని ఒక వైరసు చెలరేగింది. జావాలో ఉన్న లోపం పట్టుకుని ఆరు లక్షల దాకా మాక్ కంప్యూటర్లలోకి దూరింది. వాళ్ళెవరూ ఏ పెట్టెలోనూ సరే అని నొక్కలేదు. ఒక పేజీ తెరిచారు, అంతే. 2013 జనవరిలో ఇంకో లోపం బయటపడితే, బ్రౌజర్లలో జావా ఆపేసుకోండని అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖే చెప్పింది. మరుసటి నెలలో ఫేస్‌బుక్, యాపిల్ రెండూ తమ ఉద్యోగుల కంప్యూటర్లలోకే ఆ దారిన దొంగలు దూరారని ఒప్పుకున్నాయి. ప్రోగ్రాములు రాసేవాళ్ళ గతే అదైతే, క్యాలెండర్లు అచ్చేసుకునేవాళ్ళ మాటేమిటి?

మామ: ఓటి ఉంటే పూడ్చాలి. ఇల్లు కూల్చేస్తారా? జావా వచ్చినప్పుడు చెప్పిన మాటేమిటి, అది చెప్పు. బయటి ప్రోగ్రాం వచ్చినా హద్దులోనే ఆడుతుందని కదా?

అల్లుడు: చెప్పారు. 1995 మే 23న సన్ కంపెనీ జావాను ప్రకటించినప్పుడే హాట్‌జావా అని సొంత బ్రౌజరు కూడా చూపించింది. మరుసటి ఏడాది నెట్‌స్కేప్ 2లో అప్లెట్లు అందరికీ వచ్చాయి. అప్లెట్ మీ ఫైళ్ళు చదవలేదు, తను వచ్చిన సర్వరుతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడలేదు. శాండ్‌బాక్స్ అంటే అదే. కానీ మీ టెండరు అప్లెట్‌కు ఆ హద్దులో ఏం పని? అది టోకెన్‌ని తాకాలి. మీ డిస్కులోని రేట్ల ఫైలు చదవాలి. టెండరు తెరిచే అధికారుల పబ్లిక్ కీలతో దాన్ని మీ కంప్యూటరులోనే ఎన్‌క్రిప్ట్ చెయ్యాలి. కాబట్టి అది హద్దు దాటక తప్పదు. దాటడానికున్న దారి అప్లెట్ మీద దాన్ని రాసినవాళ్ళ సంతకం, ఆపైన మీ ‘సరే’. ఆ ఒక్క నొక్కుతో దానికి అన్ని హక్కులూ వచ్చేసేవి. టోకెన్ వరకే వెళ్ళు, మిగతావి ముట్టుకోకు అని చెప్పే మీట ఆ పెట్టెలో లేదు.

మామ: పెట్టెలో మీట లేకపోతే పెట్టాల్సింది. పెట్టెనే పారేశారు.

(ఇక్కడ నాకు మామ మాటే సబబనిపించింది. సగం అనుమతి ఎలా ఇవ్వాలో ఇరవై ఏళ్ళలో ఎవరూ సరిగ్గా తేల్చలేదు. తర్వాత ఫోన్లలో కెమెరాకు ఒక అనుమతి, మైకుకు ఒక అనుమతి అంటూ అదే పని చేశారు. జావావాళ్ళకు అంత ఓపిక లేకపోయింది.)

అల్లుడు: జావాకు మొదట్నుంచీ ఒక పంతం ఉంది. ఒకసారి రాస్తే ఎక్కడైనా నడవాలి. విండోస్‌లో ఉన్నది లినక్స్‌లో లేకపోతే ఆ సంగతి జావాకు తెలియనట్టే ఉండేది. అందువల్ల ఎక్కడికెళ్ళినా చుట్టంచూపుగా వచ్చినదానిలాగే ఉండిపోయింది. గడియారం పక్కన చిన్న బొమ్మ పెట్టడం, మీకు అలవాటైన బ్రౌజరులో ఒక చిరునామా తెరవడం, మెయిలు ప్రోగ్రాంని పిలవడం, ఏ ఫైలుకు ఏ ప్రోగ్రామో అడిగి తెలుసుకోవడం. ఏ మామూలు ప్రోగ్రామైనా చేసే ఈ పనులు జావాలో చేయాలంటే సీ భాషలో కొంత రాసి అతికించాల్సి వచ్చేది. 2004లో సన్‌వాళ్ళు జేడిక్ అని ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. జావాను డెస్క్‌టాప్‌తో కలిపే ముక్కలన్నీ దాంట్లో ఉండేవి. జావా కిటికీలోనే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునో మొజిల్లానో కూర్చోబెట్టే ముక్క కూడా ఉంది. లోపల చూస్తే అది పక్కన వేరే ప్రోగ్రాంగా నడుస్తుంటుంది, జావా దాంతో సాకెట్ మీద మాట్లాడుతుంటుంది.

మామ: ఇదంతా నా అంగడికెందుకు?

అల్లుడు: మీ గడియారం పక్కన ఉన్న ఆ బొమ్మ ఎక్కడిదనుకుంటున్నారు? జేడిక్‌లో పుట్టిన ట్రే బొమ్మను, బ్రౌజరు తెరిచే పనిని 2006 డిసెంబరులో జావా 6 తన సొంతం చేసుకుంది. సిస్టంట్రే అని ఒక క్లాసు, డెస్క్‌టాప్ అని ఒక క్లాసు. సంతకాల ప్రోగ్రాములు గడియారం పక్కన కూర్చుని ‘నేనున్నాను’ అంటున్నది దాంతోనే. టోకెన్ సంగతీ అంతే. 2004లో జావా 5 వచ్చేదాకా టోకెన్‌తో మాట్లాడాలంటే ఒక్కో కంపెనీ డ్రైవరుకు విడిగా అతుకు వేసుకోవాలి. జావా 5లో పీకేసీఎస్ 11 ప్రమాణాన్ని లోపలే పెట్టారు. టోకెన్ కంపెనీ ఇచ్చిన డీఎల్‌ఎల్ ఫైలు ఎక్కడుందో చెబితే చాలు.

మామ: డీఎల్‌ఎల్ గురించి నువ్వు నాకు చెప్పకు. టోకెన్ కంపెనీ 32 బిట్ల డీఎల్‌ఎల్ ఇస్తుంది. కంప్యూటరు వేసినవాడు 64 బిట్ల జావా వేసిపోతాడు. ఆ జావా ఈ డీఎల్‌ఎల్‌ని ఎత్తుకోదు. తెర మీద మాత్రం ‘టోకెన్ కనపడలేదు’ అని వస్తుంది. టోకెన్ లైటు వెలుగుతూనే ఉంటుంది! పాపం ప్రెస్సాయన టోకెన్ పీకి, తుడిచి, మళ్ళీ గుచ్చి, మూడు యూఎస్‌బీ రంధ్రాలూ మార్చి చూసి, చివరికి నాకు ఫోను చేస్తాడు. నేను పోయి రెండు జావాలూ పక్కపక్కన వేసి, ఏది ముందు లేవాలో దారి సరిచేసి వస్తాను. నా జీవనోపాధిలో సగం ఇదే.

అల్లుడు: అయితే ఈ అతుకులు సరిగా లేకపోవడమే మీకు లాభం.

మామ: లాభమే. అందుకే చెప్తున్నా, నేను నా లాభానికి వ్యతిరేకంగా మాట్లాడుతున్నా. విను.

2013 తర్వాత ఏం జరిగిందో ఇద్దరికీ కంఠస్థం. తారీఖులు అల్లుడు చెప్పాడు, వాటి బాధ మామ చెప్పాడు. 2014 జనవరిలో జావా 7 51వ అప్‌డేట్ నుంచి సంతకం లేని అప్లెట్లకు అడ్డు పడింది. కంట్రోల్ ప్యానెల్‌లో మినహాయింపుల జాబితా ఒకటి పెట్టుకుని టెండరు చిరునామా అందులో రాయాల్సి వచ్చింది. 2015 ఏప్రిల్‌లో క్రోమ్ జావాతో సహా పాత ప్లగిన్లను మూలపెట్టి, సెప్టెంబరుకల్లా పూర్తిగా తీసేసింది. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 52 కూడా అదే పని చేసింది, దాని దీర్ఘకాలపు కూర్పు మాత్రం 2018 దాకా జావాను మోసింది. 2018 సెప్టెంబరులో వచ్చిన జావా 11 ప్లగిన్‌తోపాటు వెబ్ స్టార్ట్‌నూ వదిలేసింది. బ్రౌజరులో ఒక లింకు నొక్కితే జావా ప్రోగ్రాం దిగి డెస్క్‌టాప్ మీద నడిచే ఏర్పాటు అది, 2001 నుంచీ ఉంది. మరుసటి ఏప్రిల్ నుంచి ఒరాకిల్ జావా 8 కొత్త అప్‌డేట్లకు వ్యాపారస్తులు డబ్బు కట్టాలన్నారు.

మామ: అప్పట్నుంచి నా అంగట్లో ఒక విండోస్ 7 మిషను ఉంది. దాంట్లో పాత ఫైర్‌ఫాక్స్, జావా 8 202వ అప్‌డేట్. ఉచితంగా వచ్చిన ఆఖరి అప్‌డేట్ అదే, పెన్‌డ్రైవులో దాచిపెట్టుకున్నా. దానికి ఇంకో అప్‌డేట్ రానివ్వను. మీవాళ్ళు భద్రత భద్రత అని నెట్టుకొచ్చి, నా జిల్లాలో టెండర్లు వేసే మనుషులను అన్నిటికన్నా పాతబడిన, ఓటిపోయిన మిషను ముందు కూర్చోబెట్టారు. దీన్ని ఏమనాలి?

అల్లుడు: అది టెండరు పోర్టల్ రాసినవాళ్ళ తప్పు. 2013 నుంచీ హెచ్చరికలున్నాయి. డెన్మార్కులో చూడండి. 2010లో దేశమంతటికీ నెమ్ఐడీ అని లాగిన్ పెట్టారు, జావా అప్లెట్ మీద. బ్యాంకుకైనా, పన్నుకైనా అదే. 2014కల్లా దాన్ని జావాస్క్రిప్ట్‌లోకి మార్చేశారు. చేయాలనుకుంటే చేయొచ్చు.

మామ: వాళ్ళ కీ ఎక్కడుంది? సర్వరులోనా, చేతిలోనా?

అల్లుడు: ...మామూలు జనానికి సర్వరులోనే.

మామ: అదీ సంగతి. కీ సర్వరులో ఉంటే జావాస్క్రిప్ట్ చాలు. మనకు కీ టోకెన్‌లో పుడుతుంది, టోకెన్ దాటి రాదు. సర్టిఫికెట్టు అమ్మేటప్పుడు ప్రతివాడికీ నేను చెప్పే మొదటి మాట ఇదే. మరి బ్రౌజరు పేజీని యూఎస్‌బీ దగ్గరికి పోయి దాన్ని తాకనివ్వదు. అప్పుడు మధ్యలో ఎవడో ఒకడు ఉండాలి. అప్లెట్ పోయింది, దాని అవసరం పోలేదు. ఆ చోట ఏం పెట్టారో నువ్వే చెప్పు.

అల్లుడు: కంప్యూటరులోనే ఒక చిన్న సర్వరు. జావా ప్రోగ్రామే. ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే మిషను లేచినప్పుడల్లా తనూ లేస్తుంది. 127.0.0.1 అనే చిరునామాలో, అంటే మీ మిషనులోపలే, ఒక పోర్టు తెరుచుకుని వింటూ ఉంటుంది. పేజీలోని జావాస్క్రిప్ట్ ఆ పోర్టును తట్టి, ఇదిగో ఈ 32 బైట్ల హ్యాష్ మీద, అంటే ఫైలు నుంచి లెక్కకట్టిన వేలిముద్ర మీద, సంతకం కావాలి అంటుంది. ప్రోగ్రాం పిన్ను అడిగి, టోకెన్‌తో సంతకం చేయించి వెనక్కి ఇస్తుంది. ఎక్కడినుంచో వచ్చిన కొత్త కోడు మీ మిషనులో నడవదు. అదే తేడా.

మామ: ఆ తట్టేది ఎవరో దానికెలా తెలుసు? నా బ్రౌజరులో ఇంకో పేజీ తెరిచి ఉంటే అదీ తట్టొచ్చుగా?

అల్లుడు: ఏ చిరునామా నుంచి వచ్చిందో బ్రౌజరు చెబుతుంది. ప్రోగ్రాం దాన్ని చూసి ఒప్పుకోవాలి.

మామ: చూస్తుందా?

అల్లుడు: చూడాలి.

మామ: నేనడిగింది అది కాదు.

అల్లుడు: అందరూ చూడరు. ఒప్పుకుంటాను. 2019 జూలైలో జూమ్ సంగతి మీరు వినలేదేమో. మాక్‌లలో అది ఇలాగే లోపల ఒక చిన్న సర్వరు పెట్టింది. పోర్టు 19421. జూమ్ తీసేసినా ఆ సర్వరు మిగిలిపోయేది. ఎవరి పేజీ తట్టినా మనిషిని అడక్కుండా మీటింగులో కలిపేసేది, కెమెరా కూడా తెరిచేది. ఒక పరిశోధకుడు బయటపెట్టాక యాపిలే అందరి మిషన్లలోంచి ఆ సర్వరును చడీచప్పుడు లేకుండా తీసేసింది.

మామ: అప్లెట్ పాపం పేజీ మూస్తే పోయేది. ఇది రాత్రింబగళ్ళు వింటూ కూర్చుంటుంది. పైగా అప్లెట్ వచ్చేముందు ఒక పెట్టె కనపడేది. దీనికి అదీ లేదు. నేనింకో సంగతి చెప్పనా? కొత్త కంప్యూటరులో ఇది వేసినరోజు పేజీ దాంతో మాట్లాడదు. ‘కనెక్షన్ కుదరలేదు’ అంటుంది. అప్పుడు నేనేం చేస్తానో తెలుసా? బ్రౌజరులో 127.0.0.1 కొట్టి, పక్కన పోర్టు నంబరు కొట్టి, ఎంటర్ నొక్కుతా. ఎర్రటి త్రిభుజంతో ‘మీ కనెక్షన్ ప్రైవేటు కాదు’ అని పేజీ వస్తుంది. అడ్వాన్స్‌డ్ నొక్కి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న ‘ప్రొసీడ్’ నొక్కమంటా. ఆ తర్వాత అంతా సవ్యం. ఈ జిల్లాలో సగం ప్రెస్సులకు నేనే నేర్పించా ఈ విద్య.

అల్లుడు (తల పట్టుకుని): ఎర్ర పేజీ వస్తే ముందుకు పోవద్దని ప్రపంచమంతా జనానికి చెబుతోంది మావా!

మామ: ప్రపంచం చెబుతుంది. మీ ప్రోగ్రాం పోనిస్తేగాని పనిచెయ్యదు. ఎందుకలా?

అల్లుడు: టెండరు పేజీ హెచ్‌టీటీపీఎస్. అందులోంచి మామూలు కనెక్షన్‌తో బయటికి తట్టడాన్ని బ్రౌజర్లు చాలాకాలం ఒప్పుకోలేదు. కాబట్టి లోపలి సర్వరుకూ సర్టిఫికెట్టు కావాలి. 127.0.0.1కు ఏ పెద్ద సర్టిఫికెట్ సంస్థా ఇవ్వదు, ఎవరి మిషనులో వాళ్ళకు అదే చిరునామా కదా. కాబట్టి సొంతంగా తయారుచేసుకున్నది పెడతారు. బ్రౌజరుకు అది నచ్చదు, ఎర్ర పేజీ చూపిస్తుంది. లేదంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడే సొంత రూట్ సర్టిఫికెట్టును విండోస్‌లో నాటుతారు. అది ఇంకా ప్రమాదం. ఆ రూట్ కీ ఎవరి చేతికైనా చిక్కితే ఏ బ్యాంకు పేరుతోనైనా దొంగ పేజీ నిలబెట్టొచ్చు.

మామ: ఇంత చెప్పాక కూడా బ్రౌజరుకూ కంప్యూటరుకూ మధ్య గోడ కట్టడం మంచిదే అంటావా?

అల్లుడు: అంటాను. గోడ మంచిదే. తలుపు పెట్టడం చేతకాలేదు. దానికీ దారి ఉంది. బ్రౌజరులో నేటివ్ మెసేజింగ్ అని ఒకటి ఉంది. బ్రౌజరుకు ఒక ఎక్స్‌టెన్షన్ వేస్తాం. ఆ ఎక్స్‌టెన్షన్ గుర్తింపు రాసిన కాగితం ఒకటి డిస్కులో ఉంటుంది, అదెక్కడుందో విండోస్ రిజిస్ట్రీ చెబుతుంది. దాన్ని చూసి, అవసరమైనప్పుడు మాత్రమే, బ్రౌజరే మన జావా ప్రోగ్రాంని లేపుతుంది. పోర్టు ఉండదు, ఎర్ర పేజీ ఉండదు, రాత్రింబగళ్ళు వినడం ఉండదు. ఇద్దరి మధ్యా మాట నేరుగా పైపులోంచి పోతుంది, ముందు నాలుగు బైట్లలో పొడవు, తర్వాత మాట. ఎస్టోనియాలో ఐడీ కార్డు సంతకాలు వెబ్ ఈఐడీ అనే ప్రోగ్రాంతో ఇలాగే పెడుతున్నారు. పోర్టు దారిలోనైనా ఇప్పుడు మెరుగే. పేజీ లోపలి చిరునామాలను తట్టబోతే అనుమతి అడగడం 2025లో క్రోమ్ మొదలుపెట్టింది.

మామ: అంటే మళ్ళీ పెట్టె వచ్చింది. సరే అని నొక్కే పెట్టె. ముప్పై ఏళ్ళు తిరిగి మొదలెట్టిన చోటికే వచ్చారన్నమాట!

అల్లుడు: ఈ పెట్టె వేరు...

మామ: నాకు ఒకటే. పైగా క్రోమ్‌కు ఒక ఎక్స్‌టెన్షన్, ఫైర్‌ఫాక్స్‌కు ఒకటి, ఎడ్జ్‌కు ఒకటి. వేసేది నేనే. కొరియాలో ఏం జరిగిందో నువ్వే కదా పోయిన పండక్కి చెప్పావు?

అల్లుడు: అవును. అక్కడ అప్లెట్ చోట యాక్టివ్‌ఎక్స్. బ్యాంకుకైనా కొనుగోలుకైనా సర్టిఫికెట్టు తప్పనిసరి, అది నడవాలంటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తప్పనిసరి. దేశం దేశమే ఒక పాత బ్రౌజరుకు కట్టుబడిపోయింది. చివరికి 2020 డిసెంబరులో ఆ సర్టిఫికెట్లకున్న ప్రత్యేక హోదానే తీసేశారు. బ్రౌజరును ఆపరేటింగ్ సిస్టంతో మరీ దగ్గరగా కుట్టేస్తే వచ్చే ఫలితం అది. అందుకే గోడ కావాలంటున్నాను.

మామ: కుట్టు తెగేలా కుడితే కూడా ఫలితం ఉంటుంది. ఇటు రా, చూపిస్తా.

మామ బల్ల సొరుగు లాగాడు. నిండా టోకెన్లు. నీలం, నలుపు, వెండిరంగు. ఒక్కోదానికి రబ్బరుబ్యాండుతో చుట్టిన కాగితం, దాని మీద ప్రెస్సు పేరు, ఫోను నంబరు, ఇంకో నంబరు. ఆ ఇంకో నంబరు ఏమిటో అల్లుడు అడగలేదు, చూడగానే తెలిసిపోయింది.

అల్లుడు: మావా, ఇది చట్టానికి విరుద్ధం.

మామ: తెలుసు.

అల్లుడు: ఐటీ చట్టం 2000, 42వ సెక్షన్. ప్రైవేటు కీ తన అదుపులో ఉండేలా సొంతదారు జాగ్రత్త పడాలి, పోతే వెంటనే సర్టిఫికెట్ సంస్థకు చెప్పాలి. ఇక్కడ వాళ్ళే పిన్నుతో సహా మీకిచ్చేశారు. రేపు మీరు ఎవరి పేరు మీదైనా టెండరు వెయ్యొచ్చు, ఎవరి కంపెనీ కాగితాలైనా మార్చొచ్చు. అప్లెట్ కావాలా, పోర్టు కావాలా అని ఇంతసేపు కొట్టుకున్నాం. దొంగ లోపలికి రావడానికి ఇంతకన్నా సులువైన దారేముంది? ఒక సొరుగు!

మామ: తాళం వేస్తా. సరే, నన్ను తిట్టు. కానీ ఇవి ఇక్కడికి ఎప్పుడొచ్చాయో అడుగు. అప్లెట్ ఉన్న రోజుల్లో ఈ సొరుగులో నా బిస్కట్లు ఉండేవి. రెండు జావాలు, ఎర్ర పేజీ, పోర్టు, మినహాయింపుల జాబితా, 32, 64 అంటూ మీరు గోడ ఎత్తు పెంచినకొద్దీ ఒక్కొక్క టోకెన్ ఇక్కడికి నడిచొచ్చింది. మధ్యాహ్నం మూడింటికి గడువైతే రెండున్నరకు మనిషి పరిగెత్తుకొస్తాడు. పాఠ్యపుస్తకాల ఆర్డరు పోతే ఆ ఏడాది మిషను ఖాళీ. అతనికి 42వ సెక్షన్ చదివి వినిపించమంటావా? ఒకసారి వచ్చి పని జరిగితే రెండోసారి టోకెన్ ఇక్కడే ఉంచిపోతాడు.

(తమిళనాడు పాఠ్యపుస్తకాల సంస్థ తెలుగు వాచకాలు కూడా వేయిస్తుంది. వాటి ఫారాలను కత్తిరించి కుట్టే చేతులకు ఆ అక్షరాలు రాకపోయినా పని ఆగదు. ఆ ప్రెస్సుల యజమానులు తెర మీద ఏముందో చదవకుండానే సంతకాలు పెట్టడం కూడా నాకు అలాంటిదిగానే తోచింది. అయితే ఒకదానివల్ల నష్టం లేదు, రెండోదానివల్ల ఉంది.)

అల్లుడు: అయితే ఏం కావాలో చెప్పండి. నేను రాస్తున్న ప్రోగ్రాంలో పెట్టగలిగితే పెడతాను.

మామ: మొదటిది, జావా విడిగా వెయ్యకూడదు.

అల్లుడు: అది అయిపోయింది. 2021లో జావా 16తో జేప్యాకేజ్ పనిముట్టు స్థిరపడింది. ప్రోగ్రాంతోపాటు దానికి కావలసిన జావాను కూడా లోపలే పెట్టి ఒకే ఎంఎస్‌ఐ ఫైలుగా ఇస్తుంది. బయట ఏ జావా ఉన్నా, లేకున్నా ఒకటే.

మామ: డీఎల్‌ఎల్?

అల్లుడు: 64 బిట్లది దొరక్కపోతే ‘మీ టోకెన్ డ్రైవరు పాతది’ అని చెబుతుంది. ‘టోకెన్ కనపడలేదు’ అని అబద్ధం చెప్పదు.

మామ: అదొక్కటి చేసినా నీకు దండం పెడతా. రెండోది, పిన్ను అడిగే ముందు దేని మీద సంతకమో చూపించు. ఇప్పుడొచ్చే పెట్టెలో పిన్ను, సరే, రద్దు. అంతే. ఏ టెండరు, ఎన్నో నంబరు, గడువెప్పుడు, ఏ ఫైలు, మొత్తం ఎన్ని రూపాయలు. అరవంలో.

అల్లుడు: అదే కష్టం. నా ప్రోగ్రాంకు వచ్చేది హ్యాష్. 32 బైట్ల నుంచి రూపాయలు బయటికి తీయలేను. పేజీ చెప్పిన మాటే చూపిస్తే, పేజీ అబద్ధమాడితే అదీ అబద్ధమే.

మామ: హ్యాష్ ఎందుకు తీసుకుంటావు? ఫైలే తీసుకో. నువ్వే చదువు, నువ్వే చూపించు, నువ్వే హ్యాష్ కట్టు.

అల్లుడు: పోర్టల్‌వాళ్ళు ఒప్పుకోవాలి. రేట్ల ఫైలు ఎక్సెల్, దాన్ని విప్పి మొత్తం తీసే కోడు నేను రాయాలి. పీడీఎఫ్ చూపించే కిటికీ పెట్టాలి. అరవం సంగతి పర్లేదు, జావా 9 నుంచి అక్షరాలు పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. కానీ ఇది సంతకాల ప్రోగ్రాం మావా, ఆఫీసు ప్యాకేజీ కాదు.

మామ: బ్రౌజరుతో కలపడం, సిస్టంతో కలపడం అని ఇందాకట్నుంచి చెబుతున్నావే, ఇదే కదా అసలు కలపాల్సింది? గడియారం పక్కన బొమ్మ ఎవడికి కావాలి?

అల్లుడు కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత ఫైలు తీసుకోవడానికి ఒప్పుకున్నాడు, మొత్తం చూపించడానికి ‘ప్రయత్నిస్తాను’ అన్నాడు. ప్రోగ్రామర్ల ప్రయత్నం ఎంత దూరం పోతుందో మామకు తెలుసు, అందుకే ఆ మాటను రెండుసార్లు అనిపించుకున్నాడు.

అల్లుడు: నాకూ ఒక షరతు. పిన్ను ప్రతి ఫైలుకూ అడుగుతాను. ఒకసారి కొడితే గుర్తుపెట్టుకోవడం ఉండదు.

మామ: ఒక టెండరుకు ఫైళ్ళు ఎన్నుంటాయో తెలుసా? ఈఎండీ రసీదు, జీఎస్టీ, ఆడిటరు కాగితాలు, మిషన్ల జాబితా, పాత పనుల సర్టిఫికెట్లు. ప్రతిదానికీ పిన్ను కొట్టమంటే మూడోదానికే విసిగి టోకెన్ నా చేతిలో పెట్టి టీకి పోతాడు.

అల్లుడు: పిన్ను గుర్తుపెట్టుకుంటే ఆ మధ్యలో ఇంకో పేజీ తట్టినా సంతకం పడిపోతుంది.

మామ: ఫైళ్ళన్నీ ఒక జాబితాగా చూపించు. ఆ జాబితాకు ఒక పిన్ను. అందులో లేనిదాని మీద సంతకం పడకూడదు.

అల్లుడు: ...అది కుదురుతుంది.

మామ: చూశావా, నీకన్నా నేనే మంచి ప్రోగ్రామర్ని.

అల్లుడు: సరే. ఇవన్నీ చేశాక ఈ సొరుగు ఖాళీ చేస్తారా?

మామ: సగం. ఓనరు తిరుపతికి పోయినప్పుడు ఎవరు పెడతారు?

అల్లుడు: కొడుకు పేరు మీద ఇంకో సర్టిఫికెట్టు తీసుకోమనండి. కంపెనీ తరఫున సంతకం పెట్టే అధికారం అతనికిచ్చి, పోర్టల్‌లో అతని సర్టిఫికెట్టు నమోదు చేయిస్తే సరిపోతుంది. ఎవరి టోకెన్ వాళ్ళ దగ్గర ఉంటుంది.

మామ: అంటే ఇంటికి రెండేసి టోకెన్లు అమ్మమంటావు.

అల్లుడు: అమ్మండి.

మామ: నాకేం, మంచి బేరమే. కానీ రాసిపెట్టుకో, ఆ కొడుకు టోకెన్ కూడా మొదటి వారంలోనే ఇక్కడికొస్తుంది.

అల్లుడు: వస్తే తీసుకోకండి.

మామ: నేను తీసుకోకపోతే పక్కంగడివాడు తీసుకుంటాడు. వాడి సొరుగుకు తాళం కూడా లేదు.